గాంధారం లేని పాట: పంక్ గొంతు అప్పలాచియా కొండపాటలు ఎత్తుకుంటే

అమెరికా పంక్ రాక్ బృందం బ్యాడ్ రెలిజియన్ 1988లో తెచ్చిన ‘సఫర్’ ఆల్బంలో పాటలు 15, నిడివి 26 నిమిషాల చిల్లర. అంటే పాటకు సగటున రెండు నిమిషాలు కూడా లేదు. ఆ పాటలు పాడిన గ్రెగ్ గ్రాఫిన్ 18 ఏళ్ల తర్వాత, 2006 జూలైలో, ‘కోల్డ్ యాజ్ ద క్లే’ అనే సోలో ఆల్బంతో వచ్చాడు. బాంజో, ఫిడేలు, అకూస్టిక్ గిటార్. కొన్ని తాను రాసుకున్న పాటలు, మిగతావి ‘ఓమీ వైజ్’, ‘లిటిల్ సేడీ’, ‘విల్లీ మూర్’ లాంటి, తూర్పు అమెరికాలోని అప్పలాచియా కొండల్లో పాడుకునే పాత పాటలు. నిర్మాత మాత్రం పాత స్నేహితుడే: బ్యాడ్ రెలిజియన్ గిటారిస్టు, ఎపిటాఫ్ రికార్డ్స్ స్థాపకుడు బ్రెట్ గురెవిట్జ్. కెనడాలోని విన్నిపెగ్‌కు చెందిన వీకర్‌దాన్స్ బృంద సభ్యులు వాయించారు. జోలీ హాలండ్ గొంతు కలిపింది. ఆల్బం పేరు కూడా అరువే. లారెడో వీధుల్లో తెల్లగుడ్డ చుట్టుకుని, మట్టిలా చల్లబడిన కుర్ర కౌబాయ్ పాటలోని మాట అది.

పంక్‌కీ జానపదానికీ చుట్టరికం ఏమిటని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: రెండూ పేదల సంగీతాలు, రెండూ తిరుగుబాటు పాటలు. అబద్ధం కాదు. కానీ గిటార్ చేతిలో పట్టుకున్నవాడికి ఆ జవాబు పనికిరాదు. పైగా కొండపాటల్లో తిరుగుబాటు పాటలకంటే హత్యలూ, విరహాలూ, దేవుడి పాటలూ ఎక్కువ. అసలు చుట్టరికం స్వరాల్లోనే ఉంది, అదీ లేని స్వరంలో.

పంక్ గిటారిస్టు వాయించే పవర్ కార్డ్‌లో (కార్డ్ అంటే కలిపి మోగించే స్వరాల గుత్తి) రెండే స్వరాలు: షడ్జం, పంచమం. గాంధారం ఉండదు. ఇది బద్ధకం వల్ల వచ్చింది కాదు. ఆంప్లిఫయర్‌ను బాగా పెంచి శబ్దాన్ని బరకగా మార్చినప్పుడు, కలిపి మోగే రెండు స్వరాల మధ్య తేడా స్వరం ఒకటి అదనంగా పుడుతుంది. స-ప నిష్పత్తి 2:3 కాబట్టి ఆ తేడా సరిగ్గా షడ్జానికి ఒక స్థాయి కిందపడి శబ్దాన్ని ఇంకా బలపరుస్తుంది. గాంధారం చేరిస్తే లెక్క చెడుతుంది. గిటార్ మెట్ల మీద అంతర గాంధారం సహజ స్థానం కంటే 14 సెంట్లు (సెంటు అంటే గిటార్ మెట్టులో నూరో వంతు) హెచ్చుగా ఉంటుంది. పంచమం 2 సెంట్లే తగ్గుతుంది. మామూలు గిటార్‌లో వినపడని ఆ 14 సెంట్లు, బరక శబ్దంలో గిజగిజలాడుతూ బురదలా వినిపిస్తాయి. అందుకే గాంధారాన్ని తీసేశారు.

ఇప్పుడు అప్పలాచియా బాంజో చూద్దాం. మామూలు శ్రుతిలో తీగలు జి-డి-జి-బి-డి. మొదట చెప్పిన జి పొట్టి తీగ. శ్రుతి పెట్టెలోంచి వచ్చినట్టు పైస్థాయిలో ఎప్పుడూ ఒకే స్వరం మోగిస్తుంది. కొండపాటలకు ఎక్కువగా వాడే ‘సామిల్’ శ్రుతిలో బి తీగను ఒక అరమెట్టు (ఒక స్వరస్థానం) బిగించి సి చేస్తారు: జి-డి-జి-సి-డి. మన స్వరాల్లో చెప్పుకుంటే స-ప-స-మ-ప. గాంధారం మాయం. ఆంప్లిఫయర్ అనే మాటే పుట్టని కాలంలో, కరెంటు లేని కొండల్లో కూడా అదే స్వరాన్ని ఖాళీగా వదిలేశారు. కారణం మాత్రం వేరు. పాత గాయకులు గాంధారాన్ని సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో పాడతారు. ఒకే పాటలో ఒకచోట కిందికీ మరోచోట పైకీ జరుపుతారు. ఫిడేలుకు మెట్లు లేవు, తొలినాటి బాంజోలకూ లేవు. తోడు వాద్యం గాంధారాన్ని ఖాయం చేసిందంటే గొంతుకు ఆ స్వేచ్ఛ పోతుంది.

పంక్ నుంచి వచ్చిన గాయకుడికి ఇక్కడ ఒక లాభం ఉంది, దాన్ని అతనే పోగొట్టుకుంటాడు. అకూస్టిక్ గిటార్ చేతికి రాగానే, ‘జానపదం కదా, నిండుగా ఉండాలి’ అనుకుని ఆరు తీగల మీదా పూర్తి కార్డులు మొదలుపెడతాడు. ఏ మైనర్ తర్వాత ఎఫ్, తర్వాత సి. పాట వెంటనే 1960ల కాఫీ హౌస్ పాటలా మెత్తబడుతుంది. గాంధారం లేని కార్డులే ఇక్కడ సరైనవి. ఉదాహరణకు జి ఆకారంలో: లావు తీగ 3వ మెట్టు, రెండో లావు తీగ మూసి, డి, జి తీగలు ఖాళీగా, చివరి రెండు సన్నతీగలు 3వ మెట్టు. మోగేవి జి, డి మాత్రమే. రెండో మెట్టు మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి ఉంచే బిగింపు) బిగిస్తే అదే ఏ శ్రుతి. రెండో కార్డు కావాలంటే రెండు అరమెట్లు దిగి జి. చాలా కొండపాటలకు ఈ రెండూ చాలు. నాలుగో కార్డు వెతుకుతున్నారంటే పాట దారి తప్పినట్టే.

అన్నట్టు, ఈ పాటల స్వరమాలికలు తెలుగు చెవికి కొత్తేమీ కాదు. మిక్సోలిడియన్ అని వాళ్లు పిలిచేది హరికాంభోజి మేళం. డోరియన్ అంటే ఖరహరప్రియ. ఐదు స్వరాల పాటలు బోలెడు: అటు మోహన స్వరాలు, ఇటు శుద్ధ ధన్యాసి స్వరాలు. గమకాలు వేరు, నడక వేరు, కాబట్టి రాగాలు అవే అనడం కుదరదు. చట్రం మాత్రం అదే.

కాపో దగ్గర అందరూ చేసే తప్పు ఒకటుంది. బాంజో పొడుగు తీగలు నాలుగింటికీ 2వ మెట్టు మీద కాపో వేస్తారు. ఐదో తీగను మరిచిపోతారు. అది 5వ మెట్టు దగ్గర మొదలవుతుంది, కాపో దానికి అందదు. దాన్ని విడిగా 7వ మెట్టు దగ్గర చిన్న మేకు కింద దూర్చాలి, లేదా బిగించి పెంచాలి. అలా చేయకపోతే పాట ఏ శ్రుతిలో, మోగే శ్రుతి తీగ జిలో. తంబురా ఒక శ్రుతిలో, గాయకుడు మరో శ్రుతిలో కూర్చున్నట్టు. రికార్డింగ్‌లో ‘ఏదో తేడా కొడుతోంది’ అని గంటలు వెతికే తలనొప్పి చాలాసార్లు ఇదే.

వేగం విషయంలో ఉన్న అపోహ ఇంకా పెద్దది. జానపదం నెమ్మది, పంక్ జోరు అనుకుంటారు. నాట్యానికి వాయించే ఫిడేలు పాటలు నిమిషానికి 110 దెబ్బల దగ్గర నడుస్తాయి. ఒక్కో దెబ్బను రెండుగా విడగొట్టి లెక్కిస్తే 220. ఇది పంక్ వేగమే. పంక్ డ్రమ్మర్ కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), స్నేర్ (గరగరమనే చిన్న డ్రమ్ము) ఒకటి విడిచి ఒకటి కొట్టేది కూడా కొండ గిటారిస్టు మంద్ర తీగ ఒకసారి, కార్డు ఒకసారి మీటే ‘బూమ్-చక్’ నడకే. తేడా బరువులో ఉంది. పంక్ గిటార్ అన్ని దెబ్బలూ కిందికే, అన్నీ సమానంగా కొడుతుంది. క్లాహామర్ బాంజోలో మీటు మూడు ముక్కలు: చూపుడువేలి గోరు వెనకభాగంతో ఒక తీగ మీద దెబ్బ, తర్వాత తీగలన్నిటి మీద ఒక తుడుపు, వెంటనే బొటనవేలు పొట్టి తీగను వదలడం. ఒకటి పొడుగు, రెండు పొట్టి. బలం మొదటి దెబ్బ మీద కాదు, ఆ తుడుపు మీద ఉంటుంది.

ఇక్కడే డ్రమ్స్ సమస్య. బాంజో తానే సగం డప్పు: గుండ్రటి చట్రం మీద బిగించిన చర్మం, ఇప్పుడైతే ప్లాస్టిక్ పొర. బానిసలుగా తెచ్చిన పశ్చిమాఫ్రికా ప్రజల చేతుల్లో కరీబియన్ దీవుల్లో, అమెరికాలో రూపుదిద్దుకున్న వాద్యం. ఆ చర్మపు శబ్దం దాని జన్మలక్షణం. స్నేర్ దెబ్బ సరిగ్గా ఆ తుడుపు మీదే పడి దాన్ని మింగేస్తుంది. దాని గరగర తగ్గేలోపు బొటనవేలి తీగ మోగి పోతుంది కూడా. బాంజో ఉందని కనపడుతుందే తప్ప వినపడదు. అప్పుడు ఇంజినీరు బాంజో శబ్దం పెంచుతాడు, అది రేకులా గీరుకుంటుంది, గొడవ మొదలు. సులువైన మందు స్నేర్ తీసేయడం. లేదా కర్రల బదులు బ్రష్షులతో కొట్టించి, స్నేర్ కింది తీగలు వదులు చేయడం.

మూడు వేళ్లకు పిక్కులు తొడిగి వాయించే ఎర్ల్ స్క్రగ్స్ పద్ధతి బాంజో వేరే సంగతి. అది 1945 చివరలో ఆయన బిల్ మన్రో బృందంలో చేరాక బ్లూగ్రాస్‌తో (తీగవాద్యాలతో జోరుగా సాగే పల్లె సంగీతం) ప్రచారమైన శైలి. బాంజో కావాలనగానే అలా వాయించేవాణ్ణి పిలిస్తే, బారుకు (ఒక తాళావృత్తానికి) ఎనిమిది స్వరాలు సందు లేకుండా నింపుతాడు. బ్రహ్మాండంగా ఉంటుంది. కథ చెప్పే పాటలో మాటకు చోటుండదు.

అన్నిటికంటే కష్టమైనది గొంతు. పంక్ గాయకుడు డ్రమ్స్ గోడకు ఎదురీది పాడటం నేర్చుకుంటాడు: మైకును పెదాలకు ఆనించి, హల్లుల్ని కొట్టినట్టు పలుకుతూ, తన స్థాయికి పైఅంచున. మైకు అంత దగ్గరైతే మంద్ర శబ్దం దానంతటదే పెరిగి గొంతుకు నిండుదనం వస్తుంది. ఆ అలవాటు ఎంత పాతుకుపోతుందంటే, గాయకుడు అది తన గొంతే అనుకుంటాడు. అకూస్టిక్ పాటకు కండెన్సర్ మైకును 20, 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టగానే ఆ నిండుదనం పోయి గొంతు పలచగా వినిపిస్తుంది. దాన్ని పూడ్చుకోవడానికి గట్టిగా పాడతాడు. అదే మొదటి తప్పు. దూరం తగ్గించకుండా శ్రుతి రెండు, మూడు అరమెట్లు దించి చూడాలి. కానీ ఫిడేలు ఉంటే ఇష్టమొచ్చినంత దించడం కుదరదు. దాని ఖాళీ తీగలు మోగే జి, డి, ఏలలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. బి ఫ్లాట్‌లో హాయిగా ఉందనే గాయకుడు అరమెట్టు దిగి ఏలో పాడటమే అందరికీ క్షేమం.

అందరూ ఒకే మైకు చుట్టూ నిలబడి పాడే పాత పద్ధతి పంక్ బృందాలకు మంచి శిక్షణ. దూరం రెట్టింపైతే శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కాబట్టి గాయకుడు జానెడు దూరంలో, బాంజో మీటరు వెనక. సోలో వచ్చినవాడు ముందుకు అడుగేస్తాడు, అయిపోగానే వెనక్కి. మిక్సింగ్ అంతా కాళ్లతోనే.

గొంతు సంగతి సాంకేతికతతో తీరదు, పాట తీరుకే చెందింది. ‘ఓమీ వైజ్’ వెనక నిజంగా ఒక మనిషి ఉంది. నార్త్ కరొలైనాలోని రాండాల్ఫ్ కౌంటీలో, 1808 ప్రాంతంలో, నవోమి వైజ్ అనే అనాథ యువతి డీప్ రివర్‌లో శవమై తేలింది. జొనాథన్ లూయిస్ అనే ప్రియుడే ముంచేశాడని లోకం నమ్మింది. హత్యానేరం కింద అతనికి శిక్ష పడలేదు. పాట కథ చెబుతుంది: రమ్మన్నాడు, వెళ్లింది, ముంచాడు. ఎందుకన్నది లేదు. గాయకుడి కోపం లేదు, జాలి లేదు. పాత గాయకులు దీన్ని నేల చూపులు చూస్తూ, మొదటి చరణం ఎంత గట్టిగా పాడితే చివరి చరణమూ అంతే గట్టిగా పాడతారు. హత్య జరిగే చరణంలో గొంతు పెరగదు, తగ్గదు. వినేవాడి ఒళ్లు జలదరించేది అందుకే.

పంక్ నేర్పేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడ ప్రతి మాటకూ గాయకుడి అభిప్రాయం అంటుకుని ఉంటుంది. వెటకారమూ కోపమూ లేని వాక్యం ఉండదు. ఆ అలవాటుతో ఓమీ వైజ్ పాడితే అది లూయిస్ మీద చార్జిషీటు అవుతుంది. ‘లిటిల్ సేడీ’ ఇంకా కఠినం: చెప్పేవాడే హంతకుడు. రాత్రి కాల్చాడు, ఇంటికెళ్లి పడుకున్నాడు, పారిపోయాడు, జెరికోలో దొరికాడు, 41 ఏళ్లు పడ్డాయి. రాక్ గాయకుడికి ఇక్కడ గొంతు బొంగురు చేసి భయపెట్టాలనిపిస్తుంది. కానీ ఆ పాటలో మనిషి వానొచ్చింది, గొడుగు తీసుకెళ్లలేదు అన్నట్టు చెబుతాడు. నటిస్తే పాట చచ్చిపోతుంది.

గ్రాఫిన్‌కు కలిసొచ్చింది ఇదే. బ్యాడ్ రెలిజియన్‌లో కూడా అతను అరిచే గాయకుడు కాదు. పెద్ద పెద్ద మాటల్ని స్పష్టంగా, రాగయుక్తంగా, పాఠం చెప్పినట్టు పాడే మనిషి. వేగం తగ్గించి బరకను తీసేస్తే మిగిలేది దాదాపుగా బల్లాడ్ (కథ చెప్పే పాట) గొంతే. కొండ యాసను అరువు తెచ్చుకోలేదు. విస్కాన్సిన్‌లో పెరిగి లాస్ ఏంజెలెస్‌కు చేరిన తన పలుకుబడితోనే పాడాడు. అదీ మంచిదే. యాస దొంగిలించిన పాట రెండో చరణానికే పట్టుబడిపోతుంది. ఇబ్బంది వచ్చిందల్లా అతను సొంతంగా రాసిన పాటల దగ్గర. అక్కడ ఆలోచించే ‘నేను’ ఉంటాడు, వాదించే ‘నేను’ ఉంటాడు. విల్లీ మూర్ పక్కన పెట్టి వింటే ఆ ‘నేను’ కొంచెం ఎక్కువ మాట్లాడినట్టు అనిపిస్తుంది. ‘విల్లీ మూర్’ చివర పాట కట్టినవాడు తన పేరు పూర్తిగా చెప్పనంటూ మూడు పొడి అక్షరాలు, జె.ఆర్.డి., మాత్రం వదిలి వెళ్తాడు. మన వాగ్గేయకారుల ముద్ర లాంటిదే, సగం చెరిపేసిన ముద్ర.

పాట ఎక్కడ నేర్చుకోవాలన్నది మరో చిక్కు. చాలామందికి మొదటి తలుపు హ్యారీ స్మిత్ 1952లో ఫోక్‌వేస్ సంస్థ కోసం కూర్చిన సంకలనమే: 84 పాత రికార్డులు, ఆరు ఎల్పీలు. జి.బి. గ్రేసన్ పాడిన ఓమీ వైజ్, బర్నెట్-రదర్‌ఫర్డ్ జంట 1927లో రికార్డు చేసిన విల్లీ మూర్ రెండూ అందులో ఉన్నాయి. 1997లో సీడీలుగా మళ్లీ వచ్చాక రాక్ తరానికి అది చేతికందింది. అయితే ఆ రికార్డును యథాతథంగా దించడం తెలివైన పని కాదు. 78 ఆర్‌పీఎమ్ పళ్లెం ఒక వైపు మూడు నిమిషాలే పడుతుంది. ఊళ్లో 15, 20 చరణాలు పాడే పాటను స్టూడియోలో ఆరేడుకు కోశారు. రెండు నిమిషాల పాటలకు అలవాటుపడ్డ పంక్ గాయకుడికి ఆ కోత సహజంగా తోస్తుంది. అది పాట నిడివి కాదు, పళ్లెం నిడివి. అందుకే ఒకే పాటకు కనీసం మూడు, నాలుగు పాఠాంతరాలు విని చరణాలు ఎంచుకోవాలి. ఇంగ్లండ్ జానపద గీతాల సేకర్త సెసిల్ షార్ప్ 1916 నుంచి 1918 దాకా అప్పలాచియాలో తిరిగి రాసుకున్న పాఠాంతరాలు ఇందుకు బాగా పనికొస్తాయి.

పాత రికార్డుల్లో తాళం కూడా చదునుగా ఉండదు. చరణం చివర ఊపిరి ఉన్నంతసేపు స్వరాన్ని లాగుతారు; బారులో రెండు దెబ్బలు ఎక్కువ పడతాయి, ఒక్కోసారి తగ్గుతాయి. వీటిని ‘వంకర పాటలు’ అంటారు. మెట్రోనోమ్ మీద రికార్డు చేసే బృందం మొదట చేసే పని వాటిని నాలుగు బార్ల డబ్బాల్లో సర్దేయడం. సర్దాక ఊపిరి తీసుకునే చోటు పోతుంది, గాయకుడు తరుముతున్నట్టు పాడతాడు. క్లిక్ ట్రాక్ (చెవిలో మోగే మెట్రోనోమ్ చప్పుడు) ఆపేసి, గాయకుడూ గిటారూ ఒకేసారి ఒకే గదిలో రికార్డు చేసి, మిగతావాళ్లు తర్వాత కలవడమే మేలు.

హక్కుల లెక్క పొడిపొడిగా: సంప్రదాయ పాటకు రచయిత లేడు, సొంత కూర్పును మాత్రం నమోదు చేసుకోవచ్చు. 1927లో ప్రచురించిన రచనలు అమెరికాలో 2023 జనవరి 1న అందరి సొత్తయ్యాయి. 1927 నాటి రికార్డింగులకు మాత్రం 2028 జనవరి 1 దాకా ఆగాలి. పాట పాడుకోవచ్చు, ఆ రికార్డు ముక్క అతికించుకోకూడదు. పాతగా వినిపించేవన్నీ పాతవీ కావు. గ్రాఫిన్ ఆల్బంలోని ‘కాలిఫోర్నియా కాటన్‌ఫీల్డ్స్’ డాలస్ ఫ్రేజియర్, ఎర్ల్ మాంట్‌గోమరీ రాసింది. మెర్ల్ హాగర్డ్ 1971లో పాడాడు. అలాంటి పాటకు 2006లో ప్రతి కాపీకీ 9.1 సెంట్ల రాయల్టీ కట్టాల్సి వచ్చేది.

ఈ దారిలో గ్రాఫిన్ మొదటివాడు కాదు. లాస్ ఏంజెలెస్ పంక్ బృందం ఎక్స్ సభ్యులే 1985లో నిట్టర్స్ పేరుతో పల్లె పాటలు పాడారు. 1993లో నిర్వానా గాయకుడు కర్ట్ కొబేన్ ఎంటీవీ అకూస్టిక్ కచేరీని పాతకాలపు జానపద గాయకుడు లెడ్ బెల్లీ పాడే పాటతో ముగించాడు. అక్కడ చివరి చరణంలో గొంతు చించుకోవడం గొప్పగా పనిచేసింది, పైన చెప్పిన సూత్రానికి అడ్డంగా. 2022లో పంక్ బృందం డ్రాప్‌కిక్ మర్ఫీస్ జానపద గాయకుడు వుడీ గత్రీ రాసిపెట్టిన మాటలకు బాణీలు కట్టి ఎలక్ట్రిక్ గిటార్ లేకుండా ఆల్బం చేశారు. గ్రాఫిన్ తానే 2017లో సోషల్ డిస్టార్షన్ వాద్యకారులతో ‘మిల్‌పోర్ట్’ తెచ్చాడు. పాటలు చదునయ్యాయి. వినడానికి హాయి. కంట్రీ రాక్ అంటే సరిపోతుంది; కొండపాట వాసన తక్కువ.

2006 ఆల్బంలో చెవి నిలిచిపోయేది ‘టాక్ అబౌట్ సఫరింగ్’. అది ఏసు పాట. శిలువ మీద అడ్డగీత గీసిన బొమ్మను బృందం గుర్తుగా పెట్టుకున్న మనిషి, కోర్నెల్‌లో జంతుశాస్త్ర పరిశోధన చేసి దేవుడి అవసరం లేని ప్రకృతివాదం రాసే మనిషి దాన్ని పాడాడు, ఎక్కడా కన్నుగీటకుండా. జానపద గాయకుడు డాక్ వాట్సన్ 1964 ఆల్బంలో ఇదే పాటను ఏ వాద్యమూ లేకుండా పాడాడు. అలా పాడాలనుకునేవాళ్లు గాంధారం దగ్గర జాగ్రత్తపడాలి: తోడు లేని గొంతు అక్కడే కొంచెం కొంచెంగా జారి, ఆఖరి చరణానికి పాట మొత్తం అరమెట్టు కిందికి దిగుతుంది. చెవిలో స-ప శ్రుతి ఒకటి సన్నగా మోగిస్తూ రికార్డు చేస్తే చాలు. ఏ తంబురా యాప్ అయినా ఆ పని చేస్తుంది.